అమెరికాలో ప్రార్థనాలయాల రక్షణకు ప్రభుత్వ గ్రాంటు – దాని తీరుతెన్నులు

హోసూరు, బళ్ళారి, పర్లాకిమిడి, సిరొంచ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో పిల్లలు అమెరికాలో స్థిరపడినవారు నేడు అరుదు కాదు. కుమార్తె ప్రసవానికో, మనుమల ఆలనాపాలనకో వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులకు అక్కడ వారం వారం కాలక్షేపం దేవాలయమే. ఊరి గుడికి లేని కొన్ని హంగులు అక్కడ వారి కంటబడతాయి. గేటు వద్ద కెమెరాలు, ద్వారం ముందు వాహనం దూసుకురాకుండా నాటిన ఉక్కు స్తంభాలు, పండుగనాడు యూనిఫారంలో కాపలాదారు. ఇటువంటి ఏర్పాట్లకు ఆ దేశపు కేంద్ర ప్రభుత్వమే ధనసహాయం చేసే పథకం ఒకటి కలదు. దాని పేరు 'నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంట్ ప్రోగ్రామ్'. లాభాపేక్ష లేని సంస్థల భద్రతకు గ్రాంటు అని దాని అర్థం. స్వదేశాంగ భద్రతా శాఖ కింద పనిచేసే విపత్తు నిర్వహణ సంస్థ 'ఫెమా' దీనిని నిర్వహిస్తుంది.

2001 సెప్టెంబరు 11 నాటి దాడుల అనంతరం ఏర్పడిన పథకాలలో ఇది ఒకటి. 2005 ఆర్థిక సంవత్సరంలో రెండున్నర కోట్ల డాలర్లతో మొదలైంది. తొలుత పెద్ద నగర ప్రాంతాలకే పరిమితమై ఉండేది. 2018 నుండి ఆ నగరాల వెలుపల గల సంస్థలకు కూడా రాష్ట్రాల వాటాగా కొంత సొమ్ము కేటాయించసాగారు. 2020 జనవరిలో ప్రత్యేక చట్టం ద్వారా పథకానికి శాశ్వత ప్రాతిపదిక ఏర్పడింది. కేటాయింపు 2018లో 6 కోట్ల డాలర్లు కాగా, 2021లో 18 కోట్లు, 2023లో 30.5 కోట్లు అయినది. 2024లో వార్షిక కేటాయింపు 27.45 కోట్లకు తగ్గినప్పటికీ, అదే ఏడాది అనుబంధ చట్టం ద్వారా మరికొంత సొమ్ము చేరింది.

ఈ పెరుగుదల వెనుక రక్తపాతం ఉన్నది. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓక్ క్రీక్ గురుద్వారాలో ఒక జాత్యహంకారి జరిపిన కాల్పులలో ఆరుగురు మరణించారు. తీవ్రంగా గాయపడిన మరొకరు ఎనిమిదేండ్లు మంచం పట్టి 2020లో కన్నుమూశారు. 2015లో చార్లెస్టన్ నగరపు నల్లజాతీయుల చర్చిలో తొమ్మండుగురు, 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లోని యూదుల ప్రార్థనాలయంలో పదకొండుగురు హతులయ్యారు. పిట్స్‌బర్గ్ పేరు తెలుగువారికి కొత్త కాదు. 1970ల దశకంలో ఆ నగర శివారులోని పెన్ హిల్స్ గుట్టపై వెలసిన వేంకటేశ్వరాలయం అమెరికాలోని తొలి హిందూ దేవాలయాలలో ఒకటి. అక్కడికి వెళ్ళే భక్తులకు 2018 నాటి వార్త దూరపు వార్త కాలేదు. హిందూ దేవాలయాలలో ఇటీవల గోడలపై ద్వేషపు వ్రాతలు వ్రాసిన ఘటనలు కూడా జరిగాయి. 2023 డిసెంబరులో కాలిఫోర్నియాలోని న్యూఆర్క్‌లో, 2024 సెప్టెంబరులో న్యూయార్కు రాష్ట్రపు మెల్‌విల్‌లో, 2025 మార్చిలో చినో హిల్స్‌లో స్వామినారాయణ మందిరాలు ఇందుకు గురియైనాయి.

ప్రభుత్వం గుళ్ళకు, చర్చిలకు డబ్బు ఇవ్వవచ్చునా అని ఎవరికైనా సందేహం కలుగవచ్చు. ఈ సొమ్ము పూజకు గాని, మతబోధకు గాని చెందదు. లాభాపేక్ష లేని సంస్థగా పన్ను చట్టంలోని 501(సి)(3) విభాగం కిందకు వచ్చే ఏ సంస్థయైనా, అనగా పాఠశాల, వైద్యశాల, సేవాసమితి, ప్రార్థనాలయం, దాడి భయం ఉన్నదని నిరూపించగలిగితే అర్హమే. ఏ మతమన్న భేదం లేదు. కెమెరాలు, దీపాలు, కంచెలు, గట్టి తలుపులు, తాళాలు, హెచ్చరిక గంటలు, కంప్యూటర్ల రక్షణ, సభ్యులకు శిక్షణ, పరిమితికి లోబడి కాంట్రాక్టు కాపలాదారుల జీతం ఇందులో చేరతాయి. ఆయుధాలు కొనరాదు. కారుతున్న పైకప్పు బాగుచేయుటకు ఇది పనికిరాదు.

శిక్షణను చిన్నచూపు చూడరాదు. 2022 జనవరి 15న టెక్సాస్‌లోని కొల్లీవిల్‌లో ఒక సాయుధుడు యూదుల ప్రార్థనాలయంలో నలుగురిని బందీలుగా పట్టుకొన్నాడు. ఒకరిని మధ్యలో విడిచిపెట్టాడు. గంటల తరబడి సాగిన ఆ నిర్బంధం చివర మతగురువు అతనిపైకి కుర్చీ విసరి, మిగిలిన ఇద్దరితో కలిసి బయటపడ్డారు. అంతకుముందు పొందిన భద్రతా శిక్షణయే తమను కాపాడినదని ఆయన చెప్పారు.

ఇక దరఖాస్తు సంగతి. సంస్థ నేరుగా ఫెమాకు వ్రాయరాదు. ప్రతి రాష్ట్రంలోను ఇందుకై ఒక పరిపాలనా ఏజెన్సీ ఉంటుంది. దానికే పత్రాలు పంపాలి. కేంద్రం పెట్టిన గడువుకన్నా రాష్ట్రపు గడువు ముందే ముగుస్తుంది. ఎంతోమంది పొరబడేది ఇక్కడే. సంస్థ ఆశయం తెలిపే పత్రం, భవనంలోని లోటుపాట్లను అంచనా వేసిన నివేదిక, ఏ లోటుకు ఏ పరికరం ఎంత ధరకు కావలెనో సమర్థించే పత్రం – ఈ మూడు ముఖ్యం. లోటుపాట్ల నివేదికను స్థానిక పోలీసులతో గాని, ప్రభుత్వపు భద్రతా సలహాదారులతో గాని ఉచితంగానే వ్రాయించుకొనవచ్చును.

ఈ మూడింటికీ పొంతన కుదరాలి. వెనుక ద్వారం బలహీనమని నివేదికలో ఉండి, ముందు గేటుకు కెమెరాలు అడిగితే మార్కులు పోతాయి. 'మాకు భయంగా ఉన్నది' అంటే చాలదు. వచ్చిన బెదిరింపు లేఖ, గోడపై వ్రాతకు తీసిన ఫొటో, పోలీసు ఫిర్యాదు తేదీలతో సహా చూపవలెను. ఇంట ఒక భాష మాట్లాడి కచేరీలో మరొక భాషలో అర్జీ వ్రాసే సరిహద్దు గ్రామాలవారికి ఈ కష్టం వివరించనక్కరలేదు. చిన్న ఘటనలను 'ఎందుకులే' అని ఫిర్యాదు చేయక వదలివేసిన సంఘానికి, అవసరం వచ్చినపుడు చూపుటకు కాగితమే ఉండదు. 2023లో దరఖాస్తు చేసినవారిలో సగానికన్నా తక్కువ మందికే గ్రాంటు లభించింది. 2022, 2023లలో ఒక్కొక్క స్థలానికి గరిష్ఠంగా లక్షా ఏబదివేల డాలర్లు, ఒక సంస్థకు మూడు స్థలాల వరకు అనుమతించారు. తరువాత ఈ పరిమితి మారుతూ వచ్చింది.

సంస్థ తన వాటాగా ఏమీ చెల్లించనక్కరలేదని నిబంధన. కాని సాధారణంగా ముందు సంస్థ ఖర్చు పెట్టి, బిల్లులు చూపిన పిమ్మటనే సొమ్ము తిరిగి వస్తుంది. పునాది లేపిన తరువాత బిల్లు మంజూరయ్యే గృహనిర్మాణ పథకాలు ఎరిగినవారికి ఇందలి చిక్కు తెలిసినదే. పెద్ద సంఘానికి ఇది ఇబ్బంది కాదు. అద్దె భవనంలో నడిచే చిన్న మందిరానికి ఏబదివేల డాలర్లు చేతినుండి పెట్టుట ఎట్లు? 2025 తొలి మాసాలలో కేంద్రం గ్రాంట్లను సమీక్షకు ఆపినపుడు, అప్పటికే ఖర్చు చేసినవారు తిరిగి రావలసిన సొమ్ముకై ఎదురుచూడవలసి వచ్చింది. నిజంగా భయం ఎక్కువగల చిన్న సంస్థలు వెనుకబడుటకు ఈ పద్ధతి కూడా ఒక కారణం కావచ్చును. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి తెలుగువారు అధికంగా గల రాష్ట్రాలలో రాష్ట్ర ప్రభుత్వాల స్వంత గ్రాంట్లు వేరుగా ఉన్నందున, వాటిని కూడా విచారించుట మేలు.

గ్రాంటు మంజూరైనదని వెంటనే గోతులు త్రవ్వరాదు. కంచె వేయుటకు, స్తంభాలు నాటుటకు, పాత కట్టడాలకు మార్పులు చేయుటకు ముందుగా పర్యావరణ, చారిత్రక కట్టడాల పరిశీలన పూర్తి కావలెను. అనుమతికి ముందే మొదలుపెట్టిన పనికి సొమ్ము రాకపోవచ్చును. పని ముగిసి లెక్కలు మూసిన తరువాత కూడా రసీదులను, సంబంధిత పత్రాలను కనీసం మూడేండ్లు భద్రపరచవలసి ఉంటుంది.