చూపు పాఠంపై.. వేళ్లు మీటలపై
టైపింగ్ పరీక్షలో గట్టెక్కించేది నిదానమే

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తా కొలువుల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే ఇంటర్ స్థాయి పరీక్షకు జిల్లాల నుంచి పెద్ద సంఖ్యలో యువత హాజరవుతుంటారు. రాత పరీక్ష నెగ్గిన వారికి పది నిమిషాల టైపింగ్ పరీక్ష ఎదురవుతుంది. ఇందులోని ఫలితం ర్యాంకుకు కలవదు. కానీ తప్పితే మాత్రం అంతకుముందు సాధించిన మార్కులన్నీ బూడిదలో పోసిన పన్నీరే. నెలల తరబడి లెక్కలు, జనరల్ నాలెడ్జి వల్లెవేసి, టైపింగ్‌ను చివరి పదిహేను రోజులకు వదిలేసిన అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

ఇంగ్లిష్‌లో నిమిషానికి 35 పదాలు, హిందీలో 30 పదాలు కొట్టాలన్నది నిబంధన. ఇంగ్లిష్‌కు ఇది గంటకు 10,500 మీటలు నొక్కడంతో సమానం. అంకె చూడగానే గుండె జారుతుంది గానీ, భాగించి చూస్తే సెకనుకు మూడు మీటలైనా నిండవు. వేళ్లకు ఇదేమంత కష్టమైన పని కాదు. కాలాన్ని హరించేది చూపు. పాఠంలో ఒక పదం చదవడం, కీబోర్డుపై అక్షరం వెతకడం, తెరపై సరిచూసుకోవడం, తిరిగి పాఠంలో వదిలిన చోటు వెతుక్కోవడం.. రెండు వేళ్లతో ఎంత చురుగ్గా కొట్టేవారికైనా ఈ ప్రదక్షిణ తప్పదు. సెల్‌ఫోన్‌పై బొటనవేళ్లతో అలవోకగా సందేశాలు పంపే వారి నేర్పు కూడా ఇక్కడ అక్కరకు రాదు.

1888 నాటి పందెం

ఈ సంగతి అమెరికాలో ఏనాడో తేలింది. 1888 జులై 25న సిన్సినాటి నగరంలో ఇద్దరు టైపిస్టుల మధ్య పందెం జరిగింది. సాల్ట్‌లేక్ సిటీకి చెందిన కోర్టు స్టెనోగ్రాఫర్ ఫ్రాంక్ మెగరిన్ మీటల వైపు చూడకుండా అన్ని వేళ్లతో కొట్టేవారు. ఆయన ప్రత్యర్థి లూయీ ట్రౌబ్ మీటలను చూస్తూ కొట్టేవారు. చెబుతుండగా కొట్టడం, చూసి కొట్టడం అనే రెండు విభాగాల్లోనూ మెగరిన్‌దే గెలుపు. చూసి కొట్టే విభాగంలో ట్రౌబ్ మరింత వెనుకబడటం గమనార్హం. కళ్లు రెండు చోట్ల పనిచేయాల్సి రావడమే అందుకు కారణం.

నాటి పద్ధతే మన మండల కేంద్రాల్లోని టైపు ఇన్‌స్టిట్యూట్లకూ చేరింది. రాష్ట్ర సాంకేతిక విద్య, శిక్షణ మండలి లోయర్, హయ్యర్ పరీక్షల కోసం లక్షలాది వేళ్లు అక్కడ సాధన చేశాయి. ఇంగ్లిష్ లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాల వేగం కావాలి. గోద్రెజ్ సంస్థ 2009లో టైపు మిషన్ల తయారీ నిలిపివేసింది. మిషన్లు మూలనపడినా వేళ్ల పాఠం మాత్రం మారలేదు.

భుజాలు దించితేనే..

మధ్య వరుసలోని ఏ, ఎస్, డి, ఎఫ్ మీటలపై ఎడమ చేతి నాలుగు వేళ్లు, జె, కె, ఎల్, సెమికోలన్‌లపై కుడి చేతి నాలుగు వేళ్లు ఉండాలి. ఎఫ్, జె మీటలపై తడిమితే తెలిసే చిన్న గీత ఉంటుంది. చూడకుండానే వేళ్లు ఇల్లు చేరడానికి అదే గుర్తు. ప్రతి వేలూ పైకో కిందికో వెళ్లి, తన మీట నొక్కి మళ్లీ ఇంటికి రావాలి. స్పేస్‌బార్ బొటనవేలిది. పెద్దక్షరం కావాలంటే షిఫ్ట్‌ను రెండో చేతి చిటికెన వేలితో నొక్కాలి. ఎంతో కాలంగా టైపు చేస్తున్నవారు సైతం ఈ ఒక్క చోట పొరపాటు పడుతుంటారు.

పాదాలు నేలకు ఆనాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా, మీటల ఎత్తులో ఉండాలి. మణికట్లను బల్ల అంచుకు ఆనించి నొక్కిపెట్టకూడదు, పైకి వంచకూడదు. కీబోర్డు వెనుక ఉండే చిన్న కాళ్లను చాలామంది లేపి ఉంచుతారు. మణికట్టు వంగేది వాటి వల్లే కాబట్టి మడిచేయడం మేలు. పాత టైపు మిషను మీటను గట్టిగా కొడితే గానీ అక్షరం పడేది కాదు. కంప్యూటర్‌కు వేలి మొన తాకిడి చాలు. అయినా కొందరు పగబట్టినట్లు బాదుతుంటారు.

ఒంటి బిగువుకు గుర్తులు తేలికగానే తెలుస్తాయి. భుజాలు చెవుల వైపు లేస్తాయి, పళ్లు బిగుసుకుంటాయి, ఊపిరి ఆగుతుంది. అప్పుడు వేగం తగ్గించడమే మందు. ఒక తప్పు అక్షరం, దాన్ని చెరపడం, మళ్లీ సరైనది కొట్టడం.. ఒక్క మీట పనికి మూడు మీటలు ఖర్చవుతాయి. తప్పులు పడనంత నిదానంగా, గడియారం శబ్దంలా సమానమైన లయతో కొడుతూ పోతే వేగం దానంతటదే పెరుగుతుంది. తప్పు పడినప్పుడు విసుక్కోకుండా ఏ వేలు దారి తప్పిందో గమనించి, ఆ పదాన్నే పది సార్లు కొట్టాలి. రోజూ ఇరవై నిమిషాల చొప్పున రెండు పూటలా చేసే సాధన, ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా ఫలిస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కినా, నొప్పి పుట్టినా ఆపేయాలి. నొప్పి తగ్గకుంటే వైద్యుడికి చూపించుకోవాలి.

రెండు వేళ్లకు అలవాటు పడినవారికి తొలి వారాలు పరీక్షా కాలం. పాత వేగం సగానికి పడిపోతుంది. ఎక్కువ మంది మానేసేది అప్పుడే. ఆ కొన్నాళ్లు చేతులపై తుండుగుడ్డ కప్పుకొని సాధన చేస్తే కళ్లు కిందికి జారవు.

తెలుగుకు ఏ కీబోర్డు?

తెలుగు టైపింగ్‌కు వచ్చేసరికి చిక్కంతా అమరికల్లోనే ఉంది. డీటీపీ కేంద్రాల్లో అను అక్షరాలతో ఆపిల్, మాడ్యులర్ వంటి అమరికలు వాడుకలో ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులోకి మారే పద్ధతి మరికొందరికి అలవాటు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991 నాటి ప్రమాణంలో చేర్చిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక వీటన్నిటికీ భిన్నమైనది. ఇందులో గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, మ, న, వ వంటి కొన్నింటిని మినహాయిస్తే హల్లులు కుడి చేతికి వస్తాయి. ‘తెలుగు’ అన్న పదాన్నే తీసుకుంటే కుడి, ఎడమ, కుడి, ఎడమ చేతులు వంతులవారీగా కదులుతాయి. ఒత్తులకు కావలసిన పొల్లు గుర్తు ఎడమ చేతి మధ్యవేలి కిందే ఉంటుంది. షిఫ్ట్ నొక్కితే క కాస్తా ఖ, త కాస్తా థ అవుతాయి. డీటీపీ పనిలోకి వెళ్లేవారు అక్కడ వాడే అమరికనే నేర్చుకోవాలి. కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం ఇన్‌స్క్రిప్ట్ అనువైనది. విండోస్, లినక్స్ రెండింటిలోనూ ఇది ముందే పొందుపరచి ఉంటుంది.