విజయుడి జెండా

మాయాబజార్ మొదటి నుంచి చివరి దాకా చూడండి, పాండవుల్లో ఒక్కరు కూడా కనబడరు. కథ అభిమన్యుడి పెళ్ళిది. అతని తల్లి సుభద్ర ఉంది, మేనమామలు కృష్ణుడు, బలరాముడు ఉన్నారు, పెదనాన్న కొడుకు ఘటోత్కచుడు తెరంతా నిండిపోయి ఉన్నాడు. పెళ్ళికొడుకు తండ్రి అర్జునుడు మాత్రం లేడు. ఈ మాట సినిమా తెలిసినవాళ్ళందరూ చెప్పేదే. నన్ను పరవశుణ్ణి చేసింది దాని పక్కనే ఉన్న ఇంకో సంగతి. పేర్లు పడకముందే తెర మీద ఒక జెండా రెపరెపలాడుతుంది, దాని మీద ఆంజనేయుడు ఉంటాడు. అది విజయా సంస్థ గుర్తు. కపిధ్వజం ఎవరిది? అర్జునుడిది. విజయుడు ఎవరు? అర్జునుడే. సినిమాలో ఎక్కడా అడుగుపెట్టని మనిషి పేరూ, జెండా ముందుగానే వచ్చి పలకరించి పోతున్నాయన్నమాట.

ఆ జెండా ఎగరేసిన బి.నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు. అక్కడి నుంచి విజయ అనే పేరు వెంట పడితే అది ఒకవైపు విరాటపర్వంలోకి, ఒకవైపు కలమళ్ల రాతి మీదికి, ఇంకోవైపు బొంబాయిలో అమితాబ్ బచ్చన్ దాకా తీసుకుపోయింది.

మా పక్క ఉరిమితే పెద్దవాళ్ళు అర్జునుడి పది పేర్లు తలుచుకుంటారు. మా అవ్వ మిద్దె మీద ఆరబోసిన జొన్నలను చీపురుతో కుప్పకు లాగుతూ, ఒక్కో ఉరుముకు ఒక్కో పేరు అనేది. అర్జునుడు, ఫల్గుణుడు, పార్థుడు, కిరీటి... విజయుడి దగ్గరికి వచ్చేసరికి గోతం మూతి బిగించి, మమ్మల్ని కిందికి దిగమని కేకేసేది. పిడుగు పడదని ఆమె నమ్మకం. ఆ పేర్ల వరుస అవ్వ సొంతం కాదు, విరాటపర్వంలోది. గోగ్రహణంనాడు కౌరవసేనను చూసి ఉత్తరకుమారుడు రథం దిగి పరుగెత్తుతాడు. బృహన్నల పట్టుకొచ్చి జమ్మిచెట్టు ఎక్కించి, ఆయుధాలు దింపించి, నేనే అర్జునుణ్ణి అంటాడు. రాజకుమారుడు నమ్మడు. నిజంగా అర్జునుడివైతే నీ పది పేర్లు చెప్పు, ఏ పేరు ఎందుకొచ్చిందో కూడా చెప్పు అని అడుగుతాడు. యుద్ధానికి పోతే గెలవకుండా తిరిగి రాను కాబట్టి విజయుణ్ణి అంటాడు అర్జునుడు. రాజ్యాలు గెలిచి ధనం తెచ్చినందుకు ధనంజయుణ్ణి అంటాడు. పేరుతోనే తానెవరో నిరూపించుకోవడం, అదీ ఆడవేషంలో నిలబడి, భారతం మొత్తంలో నాకు అమితంగా ఇష్టమైన ఘట్టం.

వానలు పడకపోతే ఊళ్ళో విరాటపర్వం చదివించడం తెలుగువాళ్ళకు పాత అలవాటు. కరువు సీమలో దాని అవసరం ఎంతో చెప్పనక్కర్లేదు. అంటే వాన రాకముందు విజయుడి కథ, వచ్చాక ఉరుముకు విజయుడి పేరు. దసరానాడు జమ్మి పూజ, అదీ ఈ కథలోదే. దసరా అంటే మైసూరు తర్వాత ప్రొద్దుటూరే అని మావాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి ఉత్సవం చూసినవాళ్ళు ఆ మాట కాదనరు. ఆ పండుగకు విజయదశమి అనే పేరు ఉండనే ఉంది.

ఇప్పుడు ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల వైపు రండి. థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనబడే చోట కలమళ్ల ఉంది. అక్కడి చెన్నకేశవాలయం దగ్గరి శాసనాన్ని క్రీ.శ. 575 ప్రాంతానిదిగా, మనకు దొరికినవాటిలో తొలి తెలుగు శాసనంగా చెబుతారు. రేనాటిని ఏలుతున్న రాజు పేరు అందులో ఉంది: ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. తెలుగు వాక్యం మొదటిసారి రాతికెక్కినప్పుడు దానితోపాటు ఎక్కింది అర్జునుడి పది పేర్లలో ఒకటి! 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు ఈ శాసనం గురించి అందరూ మాట్లాడారు, భాష ఎంత పాతదో లెక్కలు కట్టారు. ఆ రాజు పేరు గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. రేనాటి చోళులు తమ వంశాన్ని కరికాలుడితో కలుపుకున్నారు. అయినా బిడ్డకు పేరు పెట్టాల్సి వచ్చేసరికి భారతం వైపు తిరిగారు. నన్నయకు దాదాపు అయిదు వందల ఏళ్ళ ముందు ఈ ఎర్రమల కొండల పక్కన అర్జునుడి కథ ఇంటింటి కథ అయి ఉంటుందని నేను అనుకోవడానికి నాకు ఆ ఒక్క పేరు చాలు.

ఆ తర్వాత విజయ శబ్దం రాజుల చేతిలో పడింది. అంతకుముందే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నాగార్జునకొండ లోయలో వెలిసి, వెళ్ళిపోయింది. వేంగి చాళుక్యుల్లో విజయాదిత్యులు వరుసగా వచ్చారు, వాళ్ళలో గుణగ విజయాదిత్యుడు పెద్దవాడు. విజయనగరం వచ్చింది, జమ్మలమడుగు పక్కన గండికోటలో పెమ్మసాని నాయకులు దానికి కాపలా కాశారు. పెన్న కోసిన లోయ అంచున నిలబడితే ఆ కాపలా ఎంత గట్టిదో తెలుస్తుంది. కోటల పేర్లలో, బిరుదుల్లో ఉన్న మాట మామూలు ఇళ్ళ ఉయ్యాలల్లోకి వచ్చేసరికి మన దగ్గర ఎక్కువగా ఆడపిల్లదైంది. విజయ, విజయలక్ష్మి, విజయమ్మ. పల్లెల్లో ఇజయమ్మ. పులివెందులకు శాసనసభ్యురాలిగా ఉన్న వై.ఎస్.విజయమ్మ పేరు జిల్లా అంతటికీ తెలుసు. ఉత్తరాదిలో అదే పేరు చివరి అచ్చు వదిలేసి మగపిల్లలతో ఉండిపోయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబర్ 1 కూడా విజయనామ సంవత్సరంలోనే వచ్చింది.

ఇక నేను ఎంతసేపైనా ఉండగలిగిన కాలానికి వస్తాను.

నాగిరెడ్డి ఇంటివాళ్ళు, బొమ్మిరెడ్డి వాళ్ళది ఎర్రగడ్డల వ్యాపారం. మద్రాసు రేవు నుంచి సరుకు బర్మా దాకా పోయేది. పెద్దబ్బాయి నరసింహారెడ్డి, మనం బి.ఎన్.రెడ్డి అనే ఆయన, 1908లో పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టారు. నాగిరెడ్డి 1912లో. అన్న వాహినీ పేరుతో 1939లో వందేమాతరం తీశారు, తర్వాత సుమంగళి, దేవత, స్వర్గసీమ, 1951లో మల్లీశ్వరి. మల్లీశ్వరి కథ నడిచేది కృష్ణదేవరాయల కాలంలో. గండికోట నీడన పెరిగిన సీమ మనిషి విజయనగరాన్ని తలుచుకున్న తీరు అది. తమ్ముడు దారి వేరు. అచ్చాఫీసు మనిషి. చక్రపాణితో కలిసి 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. ఆ ఇద్దరే విజయా సంస్థ పెట్టి, 1950లో షావుకారు తీశారు. మరుసటి ఏడు పాతాళభైరవి. అందులో మాంత్రికుడి శిష్యుడు సదాజపుడిగా తిరిగే కుర్రాడు పద్మనాభం, ఆయనదీ పులివెందుల పక్క సింహాద్రిపురమే. తర్వాత పెళ్ళిచేసి చూడు, మిస్సమ్మ, మాయాబజార్, అప్పుచేసి పప్పుకూడు, జగదేకవీరుని కథ, గుండమ్మ కథ. పన్నెండేళ్ళలో ఒకే జెండా కింద ఇన్ని! ఆ సినిమాల్లో విజయం అంటే ఎవరినో చితక్కొట్టడం కాదు. అబద్ధం చెప్పినవాళ్ళు కూడా చివరికి ఒక పంక్తిలో కూర్చుని అన్నం తింటారు. అటువంటి గెలుపును మళ్ళీ ఏ సంస్థా మనకు ఇవ్వలేకపోయిందని నా నమ్మకం.

అన్నకు 1974 సంవత్సరానికి, తమ్ముడికి 1986కు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాలు వచ్చాయి. ఒకే ఇంటి అన్నదమ్ములు! మన బడిపిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ.

మాయాబజార్ వచ్చిన 1957లోనే బొంబాయిలో గురుదత్ ప్యాసా వచ్చింది. అందులో కవి పేరు విజయ్. అతన్ని ప్రేమించే గులాబో వహీదా రెహమాన్. ఆమెను ప్రేక్షకులు మొదట చూసింది తెలుగు తెర మీదే, 1955లో తాపీ చాణక్య తీసిన రోజులు మారాయిలో, ఏరువాక పాటకు నాట్యం చేస్తూ. ఆ సినిమా ఆడుతున్న రోజుల్లోనే హైదరాబాదులో గురుదత్ కంట పడ్డారు. రోజులు మారాయి తర్వాత పన్నెండేళ్ళకు ఆ నటి, దర్శకుడు చాణక్య మళ్ళీ కలిసింది ఎవరి దగ్గర? నాగిరెడ్డి దగ్గర. డి.వి.నరసరాజు రాతతో, రామానాయుడు నిర్మాణంలో 1964లో వచ్చిన రాముడు భీముడు నాగిరెడ్డి చేతికొచ్చి, తమిళంలో ఎంజీఆర్‌తో ఎంగ వీట్టు పిళ్ళై అయ్యింది. 1967లో దిలీప్ కుమార్‌తో రామ్ ఔర్ శ్యామ్ అయ్యింది. మూడింటికీ చాణక్యే దర్శకుడు. హిందీ చిత్రానికి బ్యానరు విజయా ఇంటర్నేషనల్. మన ఇళ్ళలో అక్కాచెల్లెళ్ళ పేరుగా స్థిరపడిన మాట ఆ సినిమాతో హిందీ దేశానికి సంస్థ పేరుగా ప్రయాణం చేసింది.

ఆ సంస్థ పేరు ఒక నటి పేరులో కూడా కలిసింది. నిర్మల అనే అమ్మాయి విజయా వారి తమిళ చిత్రం ఎంగ వీట్టు పెణ్‌లో నటించి, విజయనిర్మల అయ్యింది. నలభై నాలుగు సినిమాలకు దర్శకత్వం వహించి, మహిళా దర్శకుల్లో గిన్నిస్ రికార్డు తెచ్చుకుంది. వడపళనిలో విజయా-వాహినీ స్టూడియో ఫ్లోర్లు మాత్రం మిగల్లేదు. ఆ నేల మీద ఆస్పత్రి, హోటలు, మాల్ వచ్చాయి. ఆస్పత్రి నాగిరెడ్డి కట్టించిందే, దానికి నా నమస్కారం. మాల్‌లో విజయా అనే అక్షరాలు మిగిలాయి, జెండా పోయింది. మాయామహళ్ళు కట్టిన వడ్రంగులు, రంగులు వేసినవాళ్ళు, చంద్రకాంతి చేయగలిగిన దీపాలవాళ్ళ పని కూడా పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకోలేం.

హిందీలో విజయ్ దశ మారింది 1973లో. సలీం-జావేద్ జంజీర్ రాశారు. ఇన్‌స్పెక్టర్ విజయ్ ఖన్నాగా అమితాబ్ నిలదొక్కుకున్నారు. రామ్ ఔర్ శ్యామ్‌లో కొరడా పట్టుకుని రామ్‌ను హింసించిన బావ ప్రాణ్, ఇక్కడ షేర్‌ఖాన్ అయ్యి విజయ్ పక్కన నిలబడ్డారు. తర్వాత దీవార్, త్రిశూల్, డాన్, కాలా పత్థర్, దోస్తానా, షాన్, శక్తి, షహెన్‌షా, అగ్నిపథ్. ఇన్నింటిలోనూ ఆయన విజయే. కోపం వచ్చిన కుర్రవాడికి అప్పట్లో దేశం పెట్టుకున్న పేరు అదన్నమాట.

కానీ ఆ విజయ్‌లను దగ్గరగా చూడండి. దీవార్‌లో తమ్ముడి గుండు తగిలి, గుడిలో తల్లి ఒడిలో ప్రాణం వదులుతాడు. 1982 నాటి శక్తిలో పోలీసు తండ్రే కాలుస్తాడు. ఆ తండ్రి దిలీప్ కుమార్. పదిహేనేళ్ళ ముందు విజయా జెండా కింద రామ్, శ్యామ్ రెండూ అయిన మనిషి! 1990లో అగ్నిపథ్ విజయ్ దీనానాథ్ చౌహాన్ పగ తీర్చుకుని, మళ్ళీ తల్లి ఒడిలోనే పోతాడు. ఆ పాత్రకు అమితాబ్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. గెలవకుండా తిరిగి రాడని పెట్టిన పేరు, హిందీ తెర మీద తిరిగి రానివాడి పేరైంది. వీళ్ళందరికంటే నన్ను కలిచేసేది ప్యాసా విజయ్. చనిపోయాడనుకుని ఊరంతా అతని కవిత్వాన్ని నెత్తిన పెట్టుకుంటుంది. సభలో అతనే నిలబడి, నేను విజయ్‌ని కాను అంటాడు. జమ్మిచెట్టు కింద అర్జునుడు పది పేర్లూ చెప్పుకుని తానెవరో చూపించాడు, ఈ విజయ్ ఉన్న ఒక్క పేరునూ వదిలేసి నడిచిపోయాడు.

అమితాబ్ 2022లో ఇంకోసారి విజయ్ అయ్యారు, నాగరాజ్ మంజులే తీసిన ఝుండ్‌లో. విజయ్ బోరాడే ఒక ఫుట్‌బాల్ మాష్టారు. నాగపూర్‌లో మురికివాడ పిల్లలకు ఆట నేర్పిన విజయ్ బర్సే జీవితం మీద అల్లిన పాత్ర అది. ఇందులో విజయ్ చేతిలో తుపాకీ లేదు. పిల్లలకు పాస్‌పోర్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు, బంతి కొనిస్తాడు, వాళ్ళను విమానం ఎక్కిస్తాడు. అమితాబ్ వేసిన విజయ్‌లలో విజయా సంస్థ వాళ్ళు తీసి ఉండగలిగిన సినిమా నాకు ఇదొక్కటే కనబడింది.