ద్రాక్షారామ శాసనములు – అంతర్గత వస్తువుల అన్వేషణము

రామచంద్రపురమునకు సమీపమున నున్న ద్రాక్షారామ భీమేశ్వరాలయము శాసనపరిశోధకులకు పెన్నిధి. అచటి శాసనములు పెక్కు 1923లో ఎచ్. కృష్ణశాస్త్రిగారి సంపాదకత్వమున వెలువడిన ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ నాలుగవ సంపుటమున ముద్రితములైనవి. వానిలో అఖండదీపదానములు తఱచుగా కానవచ్చును. దాత గొఱ్ఱెలను సమర్పించును. బోయలు వానిని స్వీకరించి దీపమునకు నేయి పోయుదురు. దాత, దత్తవస్తువు, శకవర్షము, స్వీకర్త – ఈ నాలుగును కలిసియే ఒక దానము. ఒకే స్తంభముపై వేర్వేరు దానములు చెక్కబడుటయు కలదు. ఈ లేఖనములను యంత్రసూచికి ఎక్కించునపుడు ఆ నాలుగింటి పొత్తు చెడకుండ నిలుపుట ఎట్లనునదే మేమిచట విచారించు విషయము.

చీటీలతో పనిచేసిన పరిశోధకునకు ఈ చిక్కు లేదు. దానమునకొక చీటి వ్రాసికొనిన చాలును. 1999లో డగ్ కటింగ్ లూసీన్ అను అన్వేషణసాధనమును రచింపనారంభించెను. దాని ఆధారముననే షే బానన్ 2010లో ఎలాస్టిక్‌సెర్చ్‌ను వెలువరించెను. ఇందు ఒక్కొక్క లేఖ్యము ఒక ‘పత్రము’. ఏ పదము ఏయే పత్రములలో గలదో తెలుపు పట్టిక ముందే సిద్ధమగును. ఇది గ్రంథాంతమున నుండు పదసూచి వంటిది. అయితే లూసీన్‌కు పత్రములో వస్తువు అను భావన లేదు. స్తంభమును పత్రముగను, దానములను అందలి వస్తువులుగను ఇచ్చినచో, యంత్రము దాతలనెల్ల ఒక వరుసగను, దత్తవస్తువులనెల్ల మఱియొక వరుసగను చదును చేయును.

ఉదాహరణమునకై ఒక స్తంభమును కల్పించుకొందము. అందు శక 1010లో ఒక స్త్రీ 50 గొఱ్ఱెలను, శక 1042లో ఒక సేనాని భూమిని ఇచ్చిరనుకొందము. ‘దాత స్త్రీ, దత్తము భూమి’ అని ప్రశ్నించినచో ఈ స్తంభము ఉత్తరముగా వచ్చును. రెండు మాటలును అందున్నవి. కాని అట్టి దానము లేదు. ఇట్టి ఫలితములను లెక్కించి, ఆ కాలమున స్త్రీలు విరివిగా భూదానము చేసిరని విద్యార్థి సిద్ధాంతీకరించినచో దోషమెచటిది? శిల తప్పు గాదు, పాఠము తప్పు గాదు, పొత్తు చెడినది.

ఈ లోపమును తీర్చుటకే 2011లో ‘నెస్టెడ్’ అను రకము ప్రవేశపెట్టబడినది. ఇందు ప్రతి దానమును గుప్తమైన వేఱు పత్రమై మూలపత్రము చెంతనే నిలుచును. ప్రశ్నించువాడు ‘దానములు’ అను మార్గమును పేర్కొని, ఒకే నెస్టెడ్ ప్రశ్నలో రెండు నియమములను చేర్చవలెను. అపుడు రెండును ఒకే దానమున కుదిరిననే స్తంభము లభించును. ఆ నియమములను రెండు వేఱు నెస్టెడ్ ప్రశ్నలుగా విడదీసినచో పాత దోషమే తిరిగి వచ్చును. కుదిరిన దానమేదో చూపుటకు ‘ఇన్నర్ హిట్స్’ అను సౌకర్యము గలదు.

నిషేధార్థమున మఱింత జాగరూకత వలయును. ‘భూమి కాదు’ అను నియమము నెస్టెడ్ ప్రశ్నకు లోపల నున్నచో, భూమి కాని దానము ఒక్కటైన గల స్తంభములెల్ల వచ్చును. మనము కల్పించుకొన్న స్తంభమును వచ్చును. భూమిని అడుగు నెస్టెడ్ ప్రశ్ననే వెలుపలినుండి నిషేధించినచో, భూదానము బొత్తిగా లేని స్తంభములే వచ్చును.

ఈ పద్ధతియందు శ్రమ లేకపోలేదు. ఒక్క దానపు పాఠమును సవరించినను స్తంభపత్రమంతయు మరల సూచికెక్కును. సూచి యేర్పడిన పిమ్మట సాధారణ వస్తువును నెస్టెడ్‌గా మార్చుట పొసగదు. క్రొత్త సూచి కట్టవలసినదే. కావున ఒక దానమనగా నేమి అను ప్రశ్నకు ముందే ఉత్తరము చెప్పవలెను. ఇరువురు కలిసి ఒక దీపము నిలిపినచో అది ఒక దానమా, రెండా? ఈ తీర్పు యంత్రజ్ఞునిది కాదు, శాసనము చదివినవానిదే.