ఎనుము చూడి: నెత్తురు చెప్పే సాక్ష్యం

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరినది. ఎమ్మిగనూరు కూడ అందులోనిదే. ప్రత్తికీ మగ్గానికీ పేరుపడిన ఈ సీమకు వాన మాత్రం పిసినారి చుట్టము. వాన ముఖం చాటువేసిన ఏట జొన్నచొప్ప బంగారమగును. అట్టి యేట కొట్టంలోని ఎనుము చూడిదా, వట్టిదా అన్నది చిన్న ప్రశ్న కాదు. వట్టిదానిని చూడిదనుకొని మేపితే చొప్ప దండుగ. చూడిదానిని వట్టిదనుకొని సంతకు తోలితే రాబోయే పాడి దండుగ.

మన పెద్దలకు తెలిసిన గుర్తు ఒక్కటే: మూడు వారాలకు మళ్ళీ ఎదకు రాకుంటే చూడి నిలిచినట్లు. ఆవు విషయంలో ఇది కొంత నమ్మదగినదే. ఎనుముది తరచు మూగ ఎద. ముఖ్యంగా వేసవిలో అరుపూ అలజడీ లేకుండ ఎద వచ్చి పోవును. పశువైద్యుడు పురీషనాళం గుండా చేయి పోనిచ్చి గర్భాశయాన్ని తడిమి చూచుట తరువాతి విద్య. అది నేటికీ మేలైనదే. కాని దాదాపు రెండు నెలలు నిండితేగాని నిశ్చయంగా చెప్పుట కష్టము.

1943లో అలహాబాదు వ్యవసాయ సంస్థలో కృత్రిమ గర్భధారణ వలన మన దేశపు తొలి ఎనుము దూడ పుట్టినది. ఈ పద్ధతి వ్యాపించిన కొలది కొత్త చిక్కు వచ్చినది. మందలో దున్నపోతు ఉన్నప్పుడు వట్టి ఎనుమును అదే పసిగట్టేది. ఇప్పుడు ఆ పని మనిషి మీద పడినది.

నెత్తురులో చూడి గుర్తును వెదకుట గుర్రంతో ఫలించినది. 1930లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు కోల్, హార్ట్ చూడి గుర్రపు నెత్తురులో ఒక ప్రత్యేక హార్మోనును కనుగొన్నారు. ఆవు, ఎనుము అట్టిదానిని పుట్టించవు. 1960 ప్రాంతంలో అమెరికాలో యాలో, బెర్సన్ అణుధార్మికత సాయంతో నెత్తురులోని అత్యల్ప పదార్థాలను కొలిచే మార్గం చూపినారు. దానితో ప్రొజెస్టిరోన్ కొలుచుట సాధ్యమైనది. దాటించిన మూడు వారాలకు అది తక్కువగా ఉంటే పశువు వట్టిదే. ఎక్కువగా ఉంటే మాత్రం చూడిదని రూఢిగా చెప్పలేము. ఎదల నడిమి రోజులలోనూ అది ఎక్కువే.

అసలు సాక్షి మావిలో దొరికినది. 1982లో అమెరికాలో బట్లర్ బృందం ఆవు మావి నుండి చూడికే ప్రత్యేకమైన ఒక మాంసకృత్తును వేరుచేసినది. 1991లో బెల్జియంలో జోలి బృందం అదే కుటుంబపు మాంసకృత్తును శుద్ధి చేసినది. మావిలోని రెండు కేంద్రకాల కణాలు దీనిని తయారుచేసి తల్లి నెత్తురులోనికి వదలును. ఎనుములోనూ ఈ కుటుంబపు మాంసకృత్తులు కలవు. నాలుగైదు వారాలకే వాటి జాడ పట్టవచ్చును.

ఈ సాక్షికీ లోపం కలదు. ఈనిన తరువాత కొన్ని వారాలు, పిండం చనిపోయిన తరువాత కొన్ని దినాలు అది నెత్తురులో నిలిచియుండును. అందుచేత ఈనిన తేదీ, దాటించిన తేదీ తెలియనిదే ఫలితానికి అర్థం లేదు. చూడిదని తేలినా కొన్నాళ్ళకు మరల చేయి పెట్టి చూడవలెను.

ఎనుము చూడి కాలం సుమారు పది నెలలు. ఎద మూడు వారాలకొకసారి. వట్టిదని నెలకే తెలిస్తే తరువాతి ఎదను కాచుకొనవచ్చును. మూడు నెలలకు తెలిస్తే రెండు మూడు ఎదలు చేజారినట్లే. కనుక కొట్టపు గోడ మీద సున్నంతో వ్రాసిపెట్టిన ఒక్క తేదీ, ఎంత గొప్ప ప్రయోగశాలకైనను మొదటి మెట్టు.