సంచిలో చెయ్యి పెట్టేదెవరు?

చరిత్ర పేరుతో బడిలో మేము చెప్పేది రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు. ఒక సంఘం ఎట్లా నడిచింది, దాని ఖర్చు ఎవరు పెట్టారు, లెక్క ఎవరు రాశారు అనేది పాఠ్యపుస్తకంలో ఉండదు. మా జాతుల బతుకుల్లో మాత్రం పెద్ద పెద్ద సంగతులు ఆ లెక్కల పుస్తకాల్లోనే తేలిపోయాయి. అందుకని ఈసారి ఒక గుడ్డసంచి చరిత్ర రాస్తున్నాం.

పూతలపట్టు దగ్గర రోడ్డు చీలుతుంది. ఒకటి తిరుపతికి, ఒకటి చిత్తూరుకి, ఇంకొకటి పీలేరు మీదుగా కర్నూలు వైపు. చుట్టూ మామిడి తోటలు, చెరకు చేలు, బెల్లం గానుగలు, ఇటుక బట్టీలు. తోటలకు కాపలా ఉండేది మా యానాదులు. బుట్టలల్లేది, పందుల్ని మేపేది, సోది చెప్పేది మా ఎరుకలు. గుట్టల పక్క తండాల్లో సుగాళీలు. మాలో గుడికి పోయేవాళ్లున్నారు, చర్చికి పోయేవాళ్లున్నారు, ఇంటిముందు వేపచెట్టు తప్ప వేరే దేవుడు లేనివాళ్లూ ఉన్నారు.

కతోలికుల విచారణల్లో పూజ అయిపోయాక కొందరు ఒక గదిలో కూర్చుంటారు. దాన్ని పునీత విన్సెంట్ డి పాల్ సభ అంటారు. ఊరి స్థాయిలో ఉండే గుంపును కాన్ఫరెన్స్ అంటారు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. ఫాదర్ సలహా చెప్తారు గానీ సభ నడిపేది గృహస్థులే. ప్రార్థన చేసి, ఒక పాఠం చదివి, పోయినసారి రాసుకున్న మినిట్స్ చదువుతారు. కోశాధికారి చేతిలో ఎంతుందో చెప్తాడు. ఇద్దరిద్దరుగా పోయి చూసొచ్చిన ఇళ్ల సంగతి చెప్పుకుంటారు. ఏ ఇంట్లో జబ్బు, ఏ ఇంట్లో పిల్లకు ఫీజు కట్టాల, ఏ ముసలమ్మకు బియ్యం అయిపోయినాయి. ఆ మాటలు గది దాటి బయటికి పోగూడదని కట్టుబాటు. చివర్లో సంచి తిరుగుతుంది. ఒక్కొక్కరు మూసిన పిడికిలి లోపల పెట్టి తీస్తారు. ఎవరు ఎంతేశారో పక్కవాడికి తెలియదు. నోటు వేసినా అంతే, చిల్లర వేసినా అంతే. ఉత్త చెయ్యి పెట్టి తీసినా అడిగేవాళ్లు లేరు.

ఈ పద్ధతి మాకు ఎందుకు నచ్చిందో చెప్పాలంటే మన ఊళ్లల్లో చందాలు వసూలు చేసే తీరు గుర్తు చేసుకోవాల. వినాయక చవితికైనా, తిరునాళ్లకైనా, క్రిస్మస్‌కైనా ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చదువుతారు. వెయ్యిన్నూటపదహార్లు ఇచ్చినాయన పేరు రెండుసార్లు చదువుతారు. పది రూపాయలిచ్చిన కాపలాదారు పేరు చదవరు. చదివినా వాడికే సిగ్గు.

సంచి పుట్టిన చోటు పారిస్. 1832లో ఆ నగరంలో కలరా వచ్చి వేలమంది చనిపోయారు. మరుసటేడు, 1833 ఏప్రిల్ 23న, ఫ్రెడరిక్ ఓజనామ్ అనే విద్యార్థి తన ఇరవయ్యో పుట్టినరోజున కొద్దిమంది తోటి విద్యార్థులతో ఒక పత్రిక ఆఫీసులో కూర్చున్నాడు. ఇమ్మాన్యుయేల్ బయ్యీ అనే పెద్దాయన వాళ్లకు అధ్యక్షుడు. మీ మతం పేదలకు ఏం చేస్తోందని ఎదుటి పక్షం కుర్రవాళ్లు చర్చలో నిలదీసిన తర్వాత ఈ పని మొదలైంది. పేదల ఇళ్లు ఎక్కడున్నాయో ఈ చదువుకున్న పిల్లలకు తెలియదు. రోజలీ రెండూ అనే కన్యస్త్రీ ముఫ్తార్ వీధి పేటలో ఏళ్ల తరబడి తిరిగిన మనిషి. ఇంటి చిరునామాలు ఆమే ఇచ్చింది. రొట్టెలకు, బొగ్గుకు చీటీలు కూడా ఆమె దగ్గరే తెచ్చుకున్నారు. 1967 దాకా సభలో ఆడవాళ్లకు చోటు లేదు. దారి చూపింది ఒక ఆడమనిషి, సంచిలో చెయ్యి పెట్టనిచ్చింది మగవాళ్లను మాత్రమే. మాకు ఇదేం కొత్త కాదులెండి.

ఆ సభ 1863లో పుణె చేరి, మెల్లమెల్లగా దేశమంతా పాకింది. మన వైపు కతోలికం అంతకన్నా పాతది. 18వ శతాబ్దం మొదట్లోనే ఫ్రెంచి జెసూట్ గురువులు పుంగనూరు దాకా వచ్చి కర్ణాటక మిషను నడిపారు. తర్వాత చాలాకాలం తెగింది. 1928లో నెల్లూరు మేత్రాసనం, దానిలోంచి 1976లో కడప మేత్రాసనం ఏర్పడ్డాయి. కడప, ఉమ్మడి చిత్తూరు జిల్లాలు ఈ కడప మేత్రాసనం కిందివే.

సభకు డబ్బు వచ్చే దారులు నాలుగైదు. మొదటిది సంచి. రెండోది గుడి వాకిట్లో పేదల పెట్టె. మూడోది ఊళ్లో కాస్త ఉన్నవాళ్లు నెలనెలా ఇచ్చే చందా. కోతల పండగనాడు గుమ్మడికాయ, కోడిపుంజు, కొబ్బరికాయలు వేలం వేసే అలవాటు మన చర్చిల్లో ఉంది. పాటలో పది రూపాయల కాయ వందలకు పోతుంది, అందులో పేదలకు కొంత తీసే చోట్లున్నాయి. ఇంకొకటి బయటిదేశం జోడీ. ఆస్ట్రేలియాలోనో ఐర్లాండులోనో ఉన్న కాన్ఫరెన్స్ ఇక్కడి కాన్ఫరెన్స్‌తో జత కట్టి ఉత్తరాలు రాసుకుంటుంది, డబ్బు పంపుతుంది. వచ్చిందాన్ని కూడబెట్టకుండా ఖర్చు చేయాలనేది సభ పాత పద్ధతి. బ్యాంకులో డబ్బు పెట్టుకుని, ఇంటిముందు నిలబడ్డవాణ్ణి తర్వాత రమ్మనగూడదని దాని అర్థం.

ఇంతవరకూ బాగుంది. మా పేర్లు ఈ పుస్తకాల్లో ఎక్కడున్నాయి? సాయం పొందినవాళ్ల పట్టీలో ఉన్నాయి. దత్తత కుటుంబాలని రాస్తారే, అక్కడున్నాయి. హాజరు పట్టీలో వెతికితే కనపడటం అరుదు. క్రిస్మస్ ముందు చీరకు, దుప్పటికి వరండాలో నిలబడింది మా అమ్మలు. లోపల బల్ల చుట్టూ కూర్చుంది వేరేవాళ్లు. వాళ్లు చెడ్డవాళ్లని మేమనం. వాళ్లలో చాలామంది ఒక తరం కిందట అదే వరండాలో నిలబడిన దళిత కుటుంబాలవాళ్లే. వాళ్లు లోపలికి పోయారు, మేము పోలేదు. ఎందుకు పోలేదనేదే చరిత్ర చెప్పాల్సిన సంగతి.

ఎరుకలోళ్లు ఒకప్పుడు కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకు మోసి ధాన్యానికి మార్చుకునేవాళ్లు. రైళ్లు వచ్చి ఆ వర్తకాన్ని తీసుకున్నాయి. 1876-78 ధాత కరువు మిగిలింది తీసుకుంది. బతుకుదెరువు పోయిన మనుషులు ఊరూరా తిరిగితే అనుమానం వచ్చింది. 1911 నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో ఎరుకల పేర్లు పోలీసు రిజిస్టరుకెక్కాయి. సెటిల్‌మెంట్లు పెట్టారు. స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది, కావలిలో అమెరికన్ బాప్టిస్టులు నడిపారు. అక్కడ హాజరంటే తప్పించుకోలేదని రుజువు చూపటం. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది, రిజిస్టరంటే భయం పోలేదు. యానాదుల కథ ఇంకొక రకం. తోట యజమాని దగ్గర తీసుకున్న అప్పు తీరేదాకా అక్కడే కాపలా. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, అప్పు పుస్తకం మాత్రం యజమాని దగ్గరే ఉండిపోయింది. పోలీసు రిజిస్టరు, అప్పు పుస్తకం, సాయం పట్టీ. మా తాతల పేర్లు రాతలోకెక్కింది ఈ మూడు చోట్ల. మూడింట్లోనూ కలం వేరేవాళ్ల చేతిలో ఉంది.

మాకు సొంత నిధి లేదా అంటే ఉండేది. కులపంచాయితీలో తప్పు చేసినవాడు తప్పు కట్టాల. ఆ డబ్బు పెద్దమనుషుల దగ్గర చేరేది. అందులో కొంత కల్లుకు, విందుకు పోయేదని నవ్వుతారు. నిజమే, పోయేది. కానీ కట్టినవాడు కూడా ఆ విందులో పంక్తిలో కూర్చునేవాడు. తప్పు కట్టినోణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే సంఘం అది.

ఇదే కతోలిక లోకంలో ఆదివాసులు లోపలి బల్ల దగ్గర కూర్చున్న చోటు ఒకటుంది. రాంచీ. ముండాలు, ఉరావులు, ఖడియాలు భూములు తాకట్టు పెట్టి వడ్డీవ్యాపారుల చేతిలో పడిపోతున్నప్పుడు హాఫ్‌మన్ అనే జర్మన్ జెసూట్ గురువు 1909లో ఛోటానాగ్‌పూర్ కతోలిక సహకార పరపతి సంఘం పెట్టాడు. ముండారీ భాష మీద విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టింది ఈయనే. 1908 కౌలు చట్టం రాసేటప్పుడు ముండాల భూమి కట్టుబాట్లను సర్కారుకు విడమరచి చెప్పిన మనిషి. ఆ సంఘంలో ఆదివాసి సభ్యుడు. తన వాటా పెడతాడు, అప్పు తీసుకుంటాడు, తీరుస్తాడు. ఊళ్లల్లో ధాన్యం గోలాలు పెట్టారు. పంట రోజుల్లో ధాన్యం పోయడం, ఆకలి రోజుల్లో తీసుకోవడం. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు జర్మన్ అని హాఫ్‌మన్‌ను దేశం నుంచి పంపేశారు. ఆయన పోయినా సంఘం ఆగలేదు. నిధి సభ్యులది గనక ఆగలేదని మేమనుకుంటాం.

మిజోరంలో ఇంకా చిన్న పద్ధతి. అక్కడి చర్చి ప్రెస్బిటేరియన్లది. 1910 నుంచి ఇంటి ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. ఆ పిడికెళ్లతోనే చర్చి పనులు నడిచాయి. డబ్బు లేని ఇంట్లో కూడా పిడికెడు ఉంటుంది కదా.

మన దగ్గర ఆ పిడికెడు ఇంకో రూపంలో వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ తర్వాత అదే జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. పొదుపు సంఘాలు మా కాలనీలకూ వచ్చాయి. యానాది అమ్మ మొదటిసారి తీర్మానం పుస్తకంలో వేలిముద్ర వేసింది, కొన్నాళ్లకు సంతకం పెట్టింది. చూస్తే పొదుపు సంఘం సమావేశం, విన్సెంట్ సభ సమావేశం కవలల్లా ఉంటాయి. తేడా ఒక్కటే. పొదుపులో ఎవరు ఎంత కట్టారో అందరికీ తెలుస్తుంది, కట్టలేని వారం ఆమె మొహం దాచుకుంటుంది, రెండు మూడు వారాలైతే మానేస్తుంది. పొదుపు పుస్తకానికి ఆ లెక్క అవసరమే, అది ఆమె సొంత డబ్బు. అదే ఆమె విన్సెంట్ సభలో సభ్యురాలైతే, పని దొరకని వారం కూడా ఉత్త పిడికిలి సంచిలో పెట్టి తలెత్తుకుని కూర్చోవచ్చు. ఆ పద్ధతి అచ్చం మా వాళ్లకోసమే కుట్టినట్టుంది. సంచి మాత్రం మా దాకా రాలేదు.

పేరు రాయించుకోవడానికి జంకే ఇంకో కారణం చట్టంలో ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో అతన్ని బీసీ-సిలో రాస్తారు. పూతలపట్టు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం గనక ఇది ఇక్కడ ఊరికే పోయే మాట కాదు. చర్చి సంఘం పట్టీలో పేరుంటే రేపు ఏ ఆఫీసులో చూపిస్తారోనని భయం. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో ఆ నిబంధన లేదు. ఆదివాసి ఏ దేవుణ్ణి మొక్కినా ఎస్టీయే. కానీ మతం మారినవాళ్లను జాబితాలోంచి తీసేయాలని కార్తీక్ ఉరావ్ 1970 ప్రాంతంలో లేవదీసిన డిమాండు ఇప్పటికీ సభల్లో వినిపిస్తూనే ఉంది. అందుకే మా పిల్లలకు చట్టం ఏం చెప్తుందో బడిలోనే చెప్పేస్తున్నాం. తెలియని భయం కన్నా తెలిసిన జాగ్రత్త నయం.

డబ్బు దారులూ మారుతున్నాయి. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. బయటిదేశం డబ్బు ముందు ఢిల్లీలోని ఒక్క స్టేట్ బ్యాంక్ శాఖలోనే దిగాలి. తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు మళ్లించగూడదు. ఆఫీసు ఖర్చు 20 శాతం దాటగూడదు, అంతకుముందు 50 దాకా ఉండేది. ఐర్లాండు ఉత్తరం కోసం ఎదురుచూసే రోజులు తగ్గుతాయి. ఊరి సంచి, ఊరి పెట్టె, వేలం పాట, ఇవే మిగులుతాయి. అంటే ఊళ్లో ఉన్నవాళ్లందరి పిడికిళ్లూ కావాలి, మావి కూడా.

మేము కొన్నిచోట్ల మాట్లాడి చూశాం. సభ్యులుగా చేరతారా అని అడిగితే మా వాళ్లు మొదట అడిగింది, మాకు ఇచ్చే బియ్యం ఆపేస్తారా అని. ఆపరు. సాయం తీసుకునే ఇల్లు సాయం చేసే ఇల్లు కూడా కావచ్చు, పోయి చూసే పనికి డబ్బు అక్కర్లేదు. జబ్బుపడ్డ యానాది ముసలాయన గుడిసెకు బయటివాళ్లిద్దరు పోతే ఆయన లేచి కూర్చుని దణ్ణం పెట్టి ఏం అడిగినా బాగుందంటాడు. వాళ్ల పిల్ల పోతే పడుకునే ఉండి, మాత్రలు అయిపోయి నాలుగు రోజులైందని చెప్తాడు. పారిస్‌లో ఆ విద్యార్థులు చిరునామాలు అడుక్కోవాల్సి వచ్చింది. మా చిరునామాలు మా కాళ్లకు తెలుసు.

రెండోది, కార్యదర్శి పని ఎవరు చేస్తారు అని. మినిట్స్ తెలుగులో రాయాలి, పోయినసారివి నిలబడి చదవాలి. ఎరుకల భాష ఇంట్లో మాటగానే ఉంది, బడికెక్కలేదు. గురుకులంలో పది, ఇంటర్ చదివి వచ్చిన పిల్లలు ఇప్పుడు ప్రతి కాలనీలో ఒకరిద్దరు ఉన్నారు. సెలవులకు ఇంటికొచ్చి మామిడికాయల లారీల దగ్గర లెక్క రాస్తుంటారు. వాళ్ల దస్తూరీ మాకు తెలుసు, దిద్దింది మేమే. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, లోపలి బల్ల దగ్గర ఒక కుర్చీ ఇమ్మని అడుగుతున్నాం. హాజరు పట్టీ వాళ్లే గీసుకుంటారు.