లేవిడి తీర్పుతో మొదలైన పతనం

1967 అక్టోబరు 31న శ్రీకాకుళం జిల్లా కురుపాం కొండల్లోని మొండెంఖల్లో గిరిజన సంఘం మహాసభ. సవరలు, జాతాపులు కొండ గూడేల నుంచి ఆ సభకు తరలివస్తున్నారు. లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దారికాచి తుపాకులు పేల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు.

అంతవరకూ సంఘం పనంతా పట్టపగలే సాగింది. సంఘాన్ని నడిపిన పల్లె రాములు, వెంపటాపు సత్యనారాయణ (సత్యం) ఇద్దరూ బడిపంతుళ్లు. కొండబారిడిలో పాఠాలు చెప్పే సత్యాన్ని గిరిజనులు గప్ప గురువు అన్నారు. అప్పు కాగితం మీద వేలిముద్ర వేసినవాడికి ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పేవాడు గురువే కదా! షావుకార్ల వడ్డీ లెక్కలను గూడెం ప్రశ్నించింది. కంబారుల, అంటే పాలేర్ల, కూలి పెరిగింది, పోయిన పొలాలు కొన్ని తిరిగి చేతికొచ్చాయి. అటవీ సిబ్బంది మామూళ్లకూ అడ్డుకట్ట పడింది. ఇదంతా జనం గుంపుగా నిలబడి అడిగి సాధించుకున్నదే. షావుకార్లకూ భూస్వాములకూ కంటగింపైనదీ అదే.

లేవిడి హత్యల కేసు కోర్టుకెక్కింది. 1968లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. నన్నడిగితే సంఘం పతనం మొదలైంది ఆ తీర్పుతోనే. న్యాయం అడగడానికి ఇంకో గుమ్మం లేదని జనానికి అనిపించాక, తుపాకీ ఒక్కటే దారి అన్నవాడి మాటకు బలం వచ్చింది.

1968 నవంబరు 25న వందలమంది గిరిజనులు పెదగొట్టిలిలో ఒక షావుకారు ఇంటి మీద పడి ధాన్యం పట్టుకుపోయారు, అప్పు పత్రాలు తగలబెట్టారు. అప్పటికింకా అది జనం గుంపే. 1969లో నక్సల్బరీ ఉద్యమ నాయకుడు చారు మజుందార్ శ్రీకాకుళం వచ్చారు. వర్గశత్రు నిర్మూలన పంథా గట్టిపడింది. సభలు పోయి దళాలు మిగిలాయి. చంపవలసినవాళ్ల పేర్లు చీకట్లో కొద్దిమంది తేల్చసాగారు. సభకు వేలమంది వస్తారు గానీ, హత్యకు పదిమంది చాలు. ఆ మిగిలిన వేలమందికి ఇక పనేముంది? పోలీసు దెబ్బలు తినడం తప్ప.

ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించింది. గూడేల చుట్టూ పోలీసు క్యాంపులు వెలిశాయి. రాత్రి దళానికి గంజి పోసిన ఇల్లు పగలు పోలీసుకు జవాబు చెప్పుకోవాలి. ఎవరు ఎవరికి చెప్పారోనన్న అనుమానం ఒకే వీధిలో బతికేవాళ్ల మధ్య చేరింది. పోడుకు పోవడానికి భయం, సంతకు దిగడానికి భయం.

నాయకులు ఒక్కొక్కరే రాలిపోయారు. 1969 మేలో పంచాది కృష్ణమూర్తి, డిసెంబరులో జముకుల కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి, కృష్ణమూర్తి భార్య నిర్మల. 1970 జూలై 10న బోరి కొండల్లో సత్యం, ఆదిభట్ల కైలాసం. ఎదురుకాల్పులన్నారు పోలీసులు, పట్టుకుని చంపారన్నారు ఉద్యమంవాళ్లు. మిగిలినవాళ్లు పార్వతీపురం కుట్ర కేసులో జైళ్లకు వెళ్లారు.

సత్యం చనిపోవడానికి అయిదు నెలల ముందు, 1970 ఫిబ్రవరిలో 1/70 చట్టం అమల్లోకి వచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల మధ్య కూడా చేతులు మారకూడదంది. అది మూడేళ్ల ముందే వచ్చి, నిజంగా అమలై ఉంటే వీళ్లలో చాలామంది ముసలితనం చూసేవారు. ఇవాళ ఆ చట్టాన్ని సడలించాలని ఎవరైనా అంటే, కురుపాం కొండల్లో దానికి ఎంత ఖరీదు చెల్లించారో వాళ్లకు చెప్పండి.