ఆర్.డిస్. నుంచి రీసైకిల్ బిన్ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు ఫోను చేశారు. శాతవాహనులు, కాకతీయులు మాత్రం వద్దన్నారు, పోయిన సంచికలో ముగ్గురు వాళ్ళమీదే రాశారట. నాకు తెలిసిన చరిత్ర ఒక్కటే. కాగితాలు ఎలా దాచేవాళ్ళం, ఎలా తగలబెట్టేవాళ్ళం అన్నది. 1963 నుంచి 1999 దాకా రెవెన్యూలో చేసిన సర్వీసులో పదకొండేళ్ళు రికార్డు సెక్షన్లోనే గడిచాయి. రిటైరయ్యాక ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని అదే పని చేస్తున్నాను. అక్కరలేని ఫైళ్ళు తీసివేయడం. అందులో ఒక పెద్ద పొరపాటు చేశాను. అదీ ఇక్కడే రాస్తాను.

'ఫైలు' అనే మాటకు మూలం లాటిన్ భాషలో దారం అని అర్థం వచ్చే 'ఫీలుమ్'. కాగితాలను దారానికో, తీగకో గుచ్చి వరుసగా ఉంచేవారు గనుక ఆ పేరు వచ్చింది. మనకిది కొత్త కాదు. చిన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ దూలానికి వంపు తిప్పిన ఇనుప తీగ ఒకటి వేలాడుతుండేది. వచ్చిన కార్డు ముక్క చదవగానే దానికి గుచ్చేవారు. తీగ నిండితే అడుగువి తీసి పొయ్యిలో వేసేవారు. ఎవరైనా పోయినట్టు వచ్చిన ఉత్తరాన్ని మాత్రం తీగకు గుచ్చేవారు కాదు, చదివిన వెంటనే చించేసేవారు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఇంట్లో పెద్దావిడకు తెలిసేది.

ఆఫీసులో ఆ పెద్దావిడ పని మాన్యువల్ చేసేది. మద్రాసు రాష్ట్రంలో అమలైన టాటెన్‌హామ్ పద్ధతి 1956 తరువాత మన వైపుకూ వచ్చింది. డిస్పోజల్ అయిన ప్రతి ఫైలుకూ నంబరు ముందు ఒక గుర్తు పడేది. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది. డి.డిస్. అంటే పదేళ్ళ తరువాత ధ్వంసం చేయదగినది. ఎల్.డిస్. అంటే అంతకన్నా తక్కువ కాలానిది. ఈ పాఠం మన సభ్యులకు అక్కరలేదు. అయితే మనుమలు, మనుమరాళ్ళు కూడా ఈ సంచిక చదువుతారని రాస్తున్నాను. ఇందులోని తెలివి ఏమిటంటే, ఫైలు ఎప్పుడు పోవాలన్నది ఫైలు ముగిసిన రోజునే, దాని సంగతి తెలిసినవాడే నిర్ణయించేవాడు. పదేళ్ళ తరువాత దుమ్ము దులిపే గుమాస్తాకు ఆ అధికారం లేదు. అతడు జాబితా రాయాలి, అధికారి సంతకం చేయాలి. సంతకం పడేదాకా మా అటెండరు కట్ట విప్పేవాడు కాదు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఈ పద్ధతికి పెద్ద పరీక్ష ఎదురైంది. పటేల్ పట్వారీ వ్యవస్థ అప్పటికే రద్దయింది. ఏళ్ళ తరబడి ఇళ్ళల్లో మూలుగుతున్న బస్తాలు, తాలూకా కచేరీ కట్టలు లారీలకెక్కి దిగాయి. పెట్టడానికి బీరువాలు లేవు, కొన్నిచోట్ల పైకప్పు కూడా లేదు. పనికిరానివి ఏరమని నాకు చెప్పారు. ఒక మూటలో అన్నీ ఉర్దూ కాగితాలే, అంచులు పురుగు కొట్టి ఉన్నాయి. నాకు ఉర్దూ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. "చదువరాని పాత కాగితాలు, 1 మూట, ధ్వంసం చేయదగినవి" అని జాబితాలో చేర్చాను. మా సూపరింటెండెంటు గారు ఆ లైను పక్కన ఎర్ర సిరాతో "ఎవరిచేత చదివించారు?" అని రాసి వాపసు పంపారు. సిగ్గుపడి, పక్క వీధిలో ఉండే రిటైరైన ఉర్దూ పంతులు గారిని బతిమాలి తెచ్చాను. ఆయన రెండు రోజులు కూర్చుని చదివారు. అందులో ఇనాం భూముల ముంతఖబ్ నకళ్ళు ఉన్నాయి. ఆ మూట ఆర్.డిస్. ర్యాకులోకి ఎక్కింది.

ఇక కంప్యూటరు సంగతి. డిస్కు మీద సమాచారం దాచే మొదటి వాణిజ్య యంత్రం ఐ.బి.ఎం. వారి ర్యామాక్, 1956లో వచ్చింది. రెండడుగుల వెడల్పు పళ్ళేలు యాభై, బరువు దాదాపు టన్ను. పట్టేది యాభై లక్షల అక్షరాలు. ఇవాళ మీ సెల్‌ఫోన్లో తీసిన ఒక మంచి ఫోటోతోనే అది నిండిపోతుంది. 1983లో అదే కంపెనీ వారి ఎక్స్‌టీ అనే చిన్న కంప్యూటరులో పది మెగాబైట్ల డిస్కు వచ్చింది. స్థలం అంత పిసరు గనుక చెరపడం రోజువారీ పని అయ్యేది.

కాని నిజంగా చెరిగేదా? ఇది తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. డాస్ అనే పాత పద్ధతిలో 'డెల్' అని కొడితే ఫైలు పేరులో మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పడేది, అది ఉన్న గదులు ఖాళీ అని పట్టికలో రాసుకునేది. అంతే. లోపలి విషయం ఎక్కడిదక్కడే ఉండేది, దాని మీద వేరే ఫైలు వచ్చి పడేదాకా. అంటే పర్సనల్ రిజిస్టరులో నంబరు కొట్టివేసి ఫైలును మాత్రం ర్యాకులోనే వదిలేసినట్టు! అమెరికాలో పీటర్ నార్టన్ అనే ఆయన తన ఫైలును పొరపాటున చెరుపుకుని, మళ్ళీ టైపు చేసే ఓపిక లేక, ఈ కిటుకు ఆధారంగా తిరిగి తెచ్చే ప్రోగ్రాం రాసుకున్నారు. 1982లో నార్టన్ యుటిలిటీస్ పేరుతో అది అమ్మకానికి వచ్చింది. 1991లో డాస్ అయిదో కూర్పులో మైక్రోసాఫ్ట్ వారే 'అన్‌డిలీట్' అనే ఆదేశం చేర్చారు.

దాని మేలు నేను అనుభవించాను. 1995 ఎండాకాలంలో మా పెద్దవాడు భాగాలు కొనితెచ్చి 486 కంప్యూటరు ఒకటి అమర్చాడు. ఫ్లాపీలో ఉన్నవన్నీ తీసేద్దామనుకుని, ఉన్నది 'సి' డ్రైవులోనని చూసుకోకుండా "డెల్ స్టార్ డాట్ స్టార్" కొట్టాను. అన్నీ పోతాయి, నిశ్చయమేనా అని అది అడిగింది కూడా. మనం కాగితం చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఉన్నవాళ్ళం కదా, 'వై' కొట్టాను. సహోద్యోగుల జి.పి.ఎఫ్. లెక్కలన్నీ అందులోనే. వాడు వచ్చి అన్‌డిలీట్ పెట్టాడు. ఒక్కో పేరూ మొదటి అక్షరం లేకుండా తెర మీదికి వచ్చింది. ఆ అక్షరం ఏమిటని యంత్రం మమ్మల్నే అడిగింది. రాత్రి పదకొండింటిదాకా అక్షరాలు గుర్తు చేసుకుంటూ కూర్చున్నాము. అన్నీ వచ్చాయి.

అదే ఏడాది ఆగస్టులో విండోస్ 95 వచ్చింది, దానితో రీసైకిల్ బిన్ వచ్చింది. చెత్తబుట్ట బొమ్మ కొత్తది కాదు. ఆపిల్ వారి లీసా కంప్యూటరులో 1983లోనూ, మెకింటాష్‌లో 1984లోనూ ఉన్నదే. విండోస్ బుట్టలో వేసిన ఫైలుకు అసలు పేరు తీసేసి 'డిసి1', 'డిసి2' అని వరుస నంబరు ఇచ్చేవారు. అసలు పేరేమిటో, ఎక్కడినుంచి వచ్చిందో వేరే ఒక ఫైలులో రాసి ఉండేది. పేరుకు బుట్ట, నిజానికి రికార్డు రూమే! డిస్కులో పదో వంతు దానికి కేటాయించారు. అందుకే బుట్టలో ఎంత వేసినా స్థలం పెరిగేది కాదు, బుట్ట ఖాళీ చేస్తేగాని. ఫ్లాపీలోంచి తీసేసినవి మాత్రం బుట్టలోకి వచ్చేవి కావు. పెన్‌డ్రైవు సంగతి ఇప్పటికీ సాధారణంగా అంతే, గుర్తుంచుకోండి. తరువాత విండోస్ 98లో 'డిస్క్ క్లీనప్' వచ్చింది. తాత్కాలిక ఫైళ్ళు, ఇంటర్నెట్టు చూసినప్పుడు పోగయ్యేవి, ఇలాంటివాటిని అదే ఏరి చూపిస్తుంది. వాటిని తీసేస్తే మనకు నష్టం లేదు. విండోస్ కొత్త కూర్పు ఎక్కించినప్పుడు పాతదంతా 'విండోస్.ఓల్డ్' అనే పేరుతో మిగులుతుంది. గిగాబైట్లకొద్దీ ఉంటుంది, కొన్నాళ్ళకు దానంతట అదే పోతుంది. మీ కంప్యూటరులో చెత్త చేరిందని, వైరస్ ఉందని ఫోను చేసేవాళ్ళ మాట మాత్రం వినకండి. వాళ్ళకు కావలసింది మన చెత్త కాదు, పెన్షను ఖాతా.

ఇప్పుడు నా పొరపాటు. 2022 మే నెలలో మనుమడు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చి, పాతదానిలో ఉన్నదంతా అందులోకి ఎక్కించి ఇచ్చాడు. స్థలం తక్కువగా ఉందని రెండు రోజులకే అది సణగడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం జాబితా రాసుకుని కూర్చున్నాను, పాత అలవాటు. ఒకేలాంటి ఫోటోలు తీసేశాను. నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ల రసీదులు, పి.పి.ఓ. స్కాను కాపీ, ఇన్‌కంటాక్సు కాగితాలు ఉంచాను. ఆ తరువాత 'జె0417' అనే ఫోల్డరు కనబడింది. లోపల ఇరవై ఏడు ఫైళ్ళు. ఏది తెరిచినా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు కలగాపులగంగా ఉన్నాయి. వైరస్ తిని వదిలేసిందనుకున్నాను. బుట్టలోకి కూడా పోకుండా షిఫ్టు నొక్కి డిలీట్ చేశాను.

సెప్టెంబరులో, బతుకమ్మ ఇంకో పది రోజులుందనగా మా మరదలు ఫోను చేసింది. "బావా, అక్క పాటలు టైపు చేయించింది కదా, ఉన్నాయా? డల్లాస్‌లో పిల్ల అడుగుతున్నది, అక్కడ అందరూ కలిసి ఆడతారట." మా ఇంటావిడ 2011లో పోయింది. వాళ్ళ అమ్మమ్మ, వాడకట్టు ఆడవాళ్ళు పాడిన బతుకమ్మ పాటలు ఒక నోటు పుస్తకంలో రాసుకుని 2003లో డి.టి.పి. సెంటరులో ఇచ్చి కంపోజు చేయించిన మాట నిజమే. పుస్తకం చెదలు పట్టి పోయింది. కంప్యూటరంతా వెతికాను, లేదు. ఆమె ట్రంకు పెట్టె తెరిస్తే, ఆ రోజుల్లో తీసిన ప్రింటు పేజీలు కొన్ని చీరల అడుగున దొరికాయి. ప్రతి పేజీ అడుగునా చిన్న అక్షరాలతో 'జె0417' అని ఉంది.

జరిగింది ఇది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటున్నా, విండోస్‌లో అది పనిచేయడం 2001లో ఎక్స్‌పీ, గౌతమి ఫాంటు వచ్చాకే. అప్పటికే మన డి.టి.పి. సెంటర్లు అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో స్థిరపడిపోయాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చోబెట్టారు. ఫాంటు ఉన్న కంప్యూటరులో చూస్తే ముత్యాల్లాంటి తెలుగు, లేనిదానిలో చూస్తే పిచ్చిగీతలు. పాత కంప్యూటరులో ఫాంటు ఉండేది. కొత్తదానిలోకి ఫైళ్ళు వచ్చాయిగాని ఫాంటు రాలేదు. ఆ కలగాపులగమే పాటలు.

నార్టన్ గారి కిటుకు ఉందిగదా అని ధైర్యం తెచ్చుకున్నాను. మనుమడు ప్రోగ్రాం పెట్టి వెతికాడు. ఇరవై ఏడు పేర్లూ వచ్చాయి, ఈసారి మొదటి అక్షరంతో సహా. తెరిస్తే అన్నీ సున్నాలు. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో తిరిగే పళ్ళేల డిస్కు బదులు ఎస్.ఎస్.డి. ఉంటోంది. దానికి 'ట్రిమ్' అనే ఆదేశం ఉంది. 2009లో విండోస్ 7 నుంచి ఇది అమల్లో ఉంది. ఫైలు చెరపగానే ఫలానా గదులు ఇక అక్కరలేదని విండోస్ కబురు పెడుతుంది, డిస్కు వాటిని తీరిక చూసుకుని నిజంగానే ఊడ్చేస్తుంది. వేగం కోసం పెట్టిన ఏర్పాటు, తప్పు పట్టలేము. పాత కంప్యూటరును అప్పటికే తూకానికి వేశారు. డి.టి.పి. సెంటరు ఉన్నచోట ఇప్పుడు మొబైల్ షాపు ఉంది.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఎర్ర సిరాతో రాసిన ఆ రెండు మాటలే. ముప్ఫై ఏడేళ్ళ కింద ఉర్దూ మూటకు ఒక సూపరింటెండెంటు గారున్నారు. నా ఇంట్లో గుమాస్తానూ నేనే, అధికారినీ నేనే.

దొరికిన ప్రింటులో తొమ్మిది పాటలున్నాయి. వాటిని ఆ రోజే ఫోటోలు తీసి డల్లాసు పంపాను. మిగతావి మరదలు గుర్తున్నమేరకు ఫోనులో పాడుతోంది, నేను రాసుకుంటున్నాను. ఆమెకూ డెబ్బై దాటాయి. ఒక్కోసారి మధ్యలో ఆగి, "ఈ చరణం అక్కకే తెలుసు" అంటుంది. అక్కడ గీత గీసి ఖాళీ వదులుతున్నాను. ఇప్పటికి పదిహేడయ్యాయి.

మన సంఘం 1997, 2001 సంచికలు కూడా ఇలాంటి ఫాంట్లలోనే కంపోజు అయ్యాయి. ఫ్లాపీలు, సి.డీ.లు ఎవరి ఇళ్ళలో ఉన్నాయో తెలియదు. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి, మనుమడు నాకు నేర్పాడు. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా సంఘం గదిలో ఉంటాను. తెరిస్తే పిచ్చిగీతలుగా కనబడే ఫైళ్ళు మీ కంప్యూటరులో ఉంటే పెన్‌డ్రైవులో వేసుకుని రండి. ఎవరు రాసినవో, ఏ ఏటివో గుర్తున్నంత వరకు ఒక చీటీ మీద రాసి తెస్తే నాకు పని సులువవుతుంది.